తోడల్లుళ్లుండగా కథల కరువేమిటి?

రాష్ట్రంలో పాచికల కుస్తీ ఆడేవాళ్లను పట్టి పీడిస్తున్న కథల కరువు మీద ఇంతవరకు ఒక్క అఖిలపక్ష సమావేశమైనా జరగలేదు. రాజధాని, సాగునీరు, రోడ్లు లాంటి చిల్లర విషయాలకు అందరికీ తీరికే. గుంటూరు లక్ష్మీపురంలో ఒక పెద్దమనిషి రాత్రి పదకొండింటికి డైనింగ్ టేబుల్ మీద పదహారు కార్డులు పరుచుకుని, గుప్పిట్లో రెండు పాచికలు గిలకరిస్తూ, "అసలు వీడు వాణ్ణి ఎందుకు కొట్టాలి?" అని తల పట్టుకుంటే మాత్రం ఆ గోడు వినే నాథుడు లేడు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక్కో వస్తాదుకు ఒక్కో కార్డు. దాని మీద 2 నుంచి 12 దాకా పదకొండు గళ్లు, గడికో పట్టు. రెండు పాచికలు వేసి కూడితే ఎంతొస్తుందో ఆ గడిలో ఉన్న దెబ్బ ఎదుటివాడికి తగిలినట్టు. కార్డు అడుగున పిన్ను అంకె ఉంటుంది. ఒకణ్ణి పడేసి భుజాలు నేలకు ఆనించాక పాచికలు వేస్తే, కిందున్నవాడి పిన్ను అంకె గానీ అంతకు తక్కువ గానీ పడిందా, రిఫరీ మూడు లెక్కపెట్టేసినట్టే, ఆట గెలిచినట్టే. అమెరికాలో టామ్ ఫిల్సింగర్ అనే ఆయన 1986లోనే కార్డులు, పాచికలతో ఒక కుస్తీ ఆట తెచ్చి, కథను 2087లో గ్రహాంతరాల్లో నడిపాడు. మనకు అంత దూరం అక్కర్లేదు. చిన్నప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డుల కట్ట అటక మీద ఉంటే సగం సరంజామా సిద్ధమే. ఎత్తు, బరువు, ఛాతీ కొలత అన్నీ అచ్చేసి ఉంటాయి. ఎందుకు కొట్టుకుంటున్నారనే గడి మాత్రం ఆ కార్డుల మీద ఏనాడూ లేదు.

ఇక్కడే చిక్కు. టీవీలో వచ్చే కుస్తీ ముందే రాసిపెట్టిన వినోదమని దాన్ని నడిపే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కంపెనీయే 1989లో న్యూజెర్సీ సెనేట్ ముందు ఒప్పుకుంది. సత్యం మీద ప్రేమతో కాదు లెండి, క్రీడా కమిషన్ పెత్తనం, దాని పన్ను తప్పించుకోవడానికి. అక్కడ దెబ్బలు ఎంతో కొంత నిజం, గెలుపు కల్పితం. పాచికల కుస్తీలో దెబ్బలు కల్పితం, గెలుపు పచ్చి నిజం. అంటే లోకంలో నిజాయితీగా జరుగుతున్న ప్రొఫెషనల్ రెజ్లింగ్ అంతా మన డైనింగ్ టేబుళ్ల మీదే జరుగుతోంది. ఈ ఘనతకు తగ్గ గుర్తింపు లేకపోవడం వేరే విషయం.

కాబట్టి ఆటగాడు మొదట వదులుకోవాల్సింది ఏడాది కథను. జనవరిలోనే డిసెంబరు క్లైమాక్సు రాసుకున్నవాడు మార్చికల్లా పాచికలను మోసం చేయడం మొదలుపెడతాడు. "టేబుల్ అంచుకు తగిలింది, లెక్కలోకి రాదు" అంటాడు. "కాస్త ఏటవాలుగా ఆగింది" అంటాడు. మన ఇతిహాసంలో పాచికలను చెప్పుచేతల్లో పెట్టుకుని కథ నడిపిన బుకర్, అంటే ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టేవాడు, ఒకడే, ఆయన శకుని. ఆయన షో మొదటి రాత్రి అదిరిపోయింది. కంపెనీ మిగల్లేదు.

సరైన వరస ఇది: ముందు పాచిక, తర్వాత కారణం. గెలిచింది ఎవరో పాచిక చెబుతుంది, ఎందుకో మనం చెప్పాలి. పట్లకైతే ఆ పదకొండు గళ్లు చాలు. కారణాలకు ఇంకో నోటుబుక్కు పెట్టాలి. ఇందులో రెండు పాచికలనూ కూడకూడదు. ఎర్ర పాచికను ముందు, తెల్ల పాచికను తర్వాత, బ్రాడీపేట అడ్రసు చెప్పినట్టు చదవాలి. ఎర్రది 4, తెల్లది 5 అయితే 4/5, నాలుగో లైను, ఐదో అడ్డరోడ్డు. అలా 36 అడ్రసులు వస్తాయి, అన్నిటికీ సమాన అవకాశం. కూడితే ఆ సమానత్వం పోతుంది. 7 ఆరు విధాలుగా పడుతుంది, 12 ఒక్క విధంగానే. ఈ తేడా పట్టించుకోక, వెన్నుపోటు గడిని 7 దగ్గర పెట్టుకున్నవాళ్లున్నారు. పాటంటే పాచికలు ఒకసారి వేయడం, సగటున ఆరు పాట్లకో వెన్నుపోటు. పావుగంటలో బరిలో ఉన్న అందరూ అందర్నీ పొడిచేసి, చివరికి రిఫరీ ఒక్కడే మంచివాడిగా మిగిలాడట. 12 దగ్గర పెట్టినా నిశ్చింత లేదు. ఒక ఆటకు ఇరవై పాట్లు పడితే, కనీసం ఒక్కసారి 12 రావడానికి నూటికి 43 పాళ్లు అవకాశం. వెన్నుపోటుకు షో మొత్తానికి ఒకే పాటు వేయాలి, అదీ ఆఖరి ఆట ముందు.

ఆ ఆరు లైన్లలో ఏం రాయాలన్నదే అసలు ప్రశ్న. దీనికోసం పరాయి దేశపు కుస్తీ చూస్తూ రాత్రిళ్లు మేలుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో ఒక ఉదయం నిలబడితే మొదటి లైను నిండిపోతుంది. వస్తాదులకు పేర్లు కూడా అక్కడే దొరుకుతాయి. తేజ రకం మిర్చి సన్నగా, పొట్టిగా ఉంటుంది, ఘాటు మాత్రం కళ్లల్లో నీళ్లు తెప్పిస్తుంది, కాబట్టి ఛాంపియన్. 334 అందరికీ తెలిసిన నికరమైన సరుకు, అంకెనే పేరుగా పెట్టుకున్న గంభీరుడు. బ్యాడిగి రంగు ఎక్కువ, కారం తక్కువ, మైకు దొరికితే వదలని రకం. రంగు చచ్చి, ఏరి పక్కన పోసిన తాలు కాయ ఉంటుంది చూశారూ, ప్రతి వారం ఓడిపోవడానికే జీతం తీసుకునేవాడికి అంతకన్నా మంచి పేరు ఏ భాషలోనూ లేదు. కారణాలకైతే కొదవే లేదు. బస్తాలోంచి గుప్పెడు కాయ లాగి, విరిచి చూసి, "తేమ ఉంది" అన్న ఒక్క మాటతో ధర తగ్గించేస్తే రైతు మొహంలో కనిపించేది ఏ రచయితా రాయలేడు. మేనేజర్ తన వస్తాదు భుజం నొక్కి చూసి, ప్రేక్షకులందరి ముందు "తేమ ఉంది" అని పారితోషికం కోసేస్తే, ఆ వస్తాదు విలన్‌గా మారడానికి ఇంకే వివరణా అక్కర్లేదు.

రెండో లైను అపార్ట్‌మెంట్. పార్కింగు గొడవ అందరూ రాస్తారు, అది రెండు వారాలకే చప్పబడుతుంది. బండి తీసేస్తే అయిపోయింది. నాలుగో అంతస్తు బాత్‌రూమ్ నుంచి మూడో అంతస్తు పడగ్గదిలోకి కారే నీళ్లు అలా కాదు. పైవాడు తనది కాదంటాడు, ప్లంబరు ఇద్దరిదీ అంటాడు, మరక మాత్రం రోజూ అంగుళం జరుగుతుంది. నెమ్మదిగా పెరగాల్సిన పగకు ఇదే కొలమానం. మూడు ఆటలు, నెలన్నర, అంతే. నాలుగో ఆటకు లాగితే చూసేవాళ్లు సున్నం వేయించుకోమని చెప్పి వెళ్లిపోతారు.

అయిదో లైను ప్రయాణాలు. పండగ ముందు రోజు విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో కిటికీలోంచి సీట్లో వేసిన కర్చీఫు తీసేసి కూర్చున్నాడన్న ఒక్క వాక్యం చాలు. ఆరోది ఆస్తులు, దాని గురించి తెలుగువాళ్లకు చెప్పేదేముంది.

పెళ్లిళ్లది మూడో లైను. ఇక్కడ తొందరపడకూడదు. జోడీ కుస్తీకి ప్రపంచమంతా అన్నదమ్ములనో స్నేహితులనో వెతుక్కుంటుంది. తోడల్లుళ్లను కనిపెట్టిన జాతికి ఆ ఖర్మేమిటి? ఇద్దరూ ఒకరినొకరు ఎంచుకోలేదు. ఒకే మామగారి గుమ్మంలో ఒకే పండక్కి వచ్చి, ఒకే సోఫాలో కూర్చుని, "రండి అన్నయ్యగారూ", "పర్లేదు తమ్ముడుగారూ" అని నవ్వుకుంటారు. నవ్వుతూనే పెద్దల్లుడి కళ్లు రెండో అల్లుడి చేతి వాచీ మీదికి వెళ్తాయి. జోడీలో బరిలో ఉన్నవాడు బయటున్నవాడి చేయి తాకితేనే అతను లోపలికి వస్తాడు. ఆ చేయి అందడం ఆలస్యమైన ప్రతిసారీ ఆ వాచీ గుర్తుకు రావాలి. ఆటలో దీనికి చిన్న లెక్క: జోడీకి నమ్మకం 6తో మొదలుపెట్టాలి. చేయి అందించాల్సినప్పుడు ఒక పాచిక వేస్తే నమ్మకం అంకె గానీ అంతకు తక్కువ గానీ పడాలి. మామగారు ఒకరికి ఏదైనా ఇచ్చిన ప్రతిసారీ నమ్మకంలో ఒకటి తగ్గించాలి. తాడేపల్లిలో సైటు రాసిస్తే రెండు. మొదట 6 కాబట్టి తప్పే ప్రసక్తే లేదు. 3కు దిగేసరికి సగం సార్లు చేయి అందదు. రెండు నెలల తర్వాత జోడీ విడిపోయినప్పుడు అది రచయిత విడగొట్టినట్టు ఉండదు, దానంతటదే తెగినట్టు ఉంటుంది. ఆ రోజు బరిలోకి మామగారిని తేవడం పొరపాటు. ఆయన ఇంట్లో పేపరు చదువుకుంటూ ఉంటేనే భయం.

నాలుగో లైను ఎలక్షన్లది. మంచివాడు విలన్‌గా మారడం కుస్తీకి ప్రాణం. 1996 జూలై 7న హల్క్ హోగన్ అనే అమెరికా వస్తాదు, తోటి వస్తాదు ర్యాండీ సావేజ్‌ను కాపాడటానికి వచ్చినట్టు బరిలోకి వచ్చి ఆయన మీదే ఎగిరి కాలితో పడ్డాడు. అది అంతలా పేలడానికి కారణం, అంతకు ముందు పన్నెండేళ్లకు పైగా హోగన్ మంచివాడిగా ఉండటం. మన ఆటగాళ్లు చేసే తప్పు ఇక్కడ ఉంది. కండువాలు మారడం చూసి పెరిగిన పిల్లలు కదా, నెలకోసారి మార్చేస్తారు. మూడోసారికి ప్రేక్షకుడికి కోపం రాదు, కొత్త కండువా రంగు బాగుందా లేదా అని చూస్తాడు. ఒక్కో వస్తాదుకు ఏడాదికి ఒకే ఫిరాయింపు అని నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోవాలి. గుంపుగా మారేటప్పుడు పార్టీ ఫిరాయింపుల మీద రాజ్యాంగంలో పెట్టిన 1985 నాటి పదో షెడ్యూలు ఉండనే ఉంది. ఇప్పుడున్న నిబంధన ప్రకారం విలీనమంటే మూడింట రెండొంతుల మంది కదలాలి. ఆరుగురి ముఠాలో నలుగురు కలిసి దూకితే బెల్టులు వాళ్లతోనే వెళ్తాయి, ముగ్గురే దూకితే అనర్హత. ఆ నాలుగోవాడి ఇంటి చుట్టూ తిరగడమే నెల రోజుల కథ. బెల్టు మాత్రం ఒక్కటే ఉండాలి. మూడు బెల్టులు చేసి మూడు ఊళ్లలో పెట్టాలన్న ఆలోచన వస్తే, ఇరుపక్షాల వాదనలూ విన్నాక కూడా నిద్రపట్టే అవకాశం తక్కువ.

ఊళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. 1948లో అమెరికా కుస్తీ వ్యాపారులు నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ పెట్టుకుని, ఒకరి ఏరియాలోకి ఒకరు రాకూడదని దేశాన్ని పంచుకున్నారు. దీన్ని గొప్ప విషయంగా చదివేవాళ్లు విజయవాడ గాంధీనగర్ సినిమా డిస్ట్రిబ్యూటర్లను ఎప్పుడూ కలవలేదన్నమాట. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. ప్రకాశం బ్యారేజీ దాటితే ఏరియా మారిపోతుంది, లెక్క మారిపోతుంది. వస్తాదుకు ఏ ఏరియాలో ఎంత గిరాకీయో విడిగా రాసుకుంటే, కృష్ణాలో హీరో గుంటూరులో విలన్ అవుతాడు. అందుకు కథ రాయనక్కర్లేదు, వంతెన దాటిస్తే చాలు.

ఓడినవాడు ఊరు విడవాలి అనే పందెం అమెరికావాళ్ల కుస్తీలో పెద్ద ఆకర్షణ. పల్నాటిలో పన్నెండో శతాబ్దంలోనే కోడిపందెం మీద ఏడేళ్లు ఊరు విడిపించారు. అటు బ్రహ్మనాయుడు, ఇటు నాయకురాలు నాగమ్మ. కుస్తీ చరిత్రలో అంతటి మేనేజర్లు మళ్లీ పుట్టలేదు. ఈ పందెం వాడేవాళ్లు ఒకటి గమనించాలి. ఊరు విడిచినవాడి కార్డు తిరిగొచ్చే తేదీ పెన్సిల్‌తో కాకుండా పెన్నుతో రాయాలి. గడువు తీరాక రాజ్యం ఇవ్వబోమన్న దగ్గరే వ్యవహారం కారెంపూడి యుద్ధం దాకా వెళ్లింది. మన ఆటలో ఏడేళ్లంటే ఏడు వారాలు చాలు.

ఇక సరంజామా. స్టీలు పళ్లెంలో పాచికలు వేస్తే పక్క ఫ్లాటు లేస్తుంది, అడుగున తువాలు పరచాలి. ఆటకు పది నిమిషాలు, షోకు ఐదు ఆటలు. పిన్ను అంకెల దగ్గర మాత్రం పీనాసితనం పనికిరాదు. ఛాంపియన్‌కు 4 ఇస్తే 36లో 6 సార్లే దొరుకుతాడు, బెల్టు ఏడాది కదలదు, కథ ఎండిపోతుంది. అందుకే పిన్ను తప్పించుకున్న ప్రతిసారీ ఆ ఆట మట్టుకు అంకెకు ఒకటి కలపాలి, అలసట అన్నమాట. తాలు లాంటివాడికి 8 ఇస్తే 36లో 26 సార్లు మొదటి పిన్నుకే సరి.

సరి అని అనుకుంటాం. తేజ, తాలును పడేసి భుజాలు నొక్కాడు. 8 లోపు కావాలి, 9 పడింది. అంకె 9 అయింది. మళ్లీ నొక్కాడు, 10 పడింది. మళ్లీ, 11 పడింది. ఈ మూడూ వరసగా తప్పించుకోవడానికి సుమారు 260లో ఒక్క అవకాశం. ఇప్పుడు తాలు వంతు. 12 పడింది. కార్డు మీద ఆ గడిలో ఏం రాయాలో తోచక "ఏదో ఒకటి" అని రాసి ఉంది. ఆ ఏదో ఒకటి తగిలి తేజ పడ్డాడు. పిన్నుకు 4 లోపు కావాలి. 2, 1. మూడు.

పాచికలు టేబుల్ అంచుకు తగల్లేదు. ఏటవాలుగా కూడా ఆగలేదు. నోటుబుక్కు తెరిచి ఎర్ర, తెల్ల పాచికలు వేస్తే 3/4 వచ్చింది. మూడో లైను, నాలుగో అడ్డరోడ్డు: పెళ్లి భోజనాల్లో మొదటి రెండు బంతుల్లో కూర్చోనివ్వలేదు, మూడో బంతికి గోంగూర అయిపోయింది. వడ్డించే గరిటె తేజ చేతిలోనే ఉంది.

వచ్చే వారం ఇద్దరికీ మళ్లీ ఆట. ఓడినవాడు ఇక మీదట ఏ పెళ్లికెళ్లినా మూడో బంతి.