కార్బన్ చక్రాల బ్రేక్ ప్యాడ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బ్రేక్ ప్యాడ్ గారి సముఖానికి,

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాం. ఇది మర్యాదకు రాసే మాట కాదండీ. మీరు క్షేమంగా లేకపోతే వచ్చే మలుపు దాటాక మేమూ ఉండం.

చూడబోతే మీరు బ్రేకు వేసినప్పుడు రిమ్‌ని, అంటే చక్రం అంచుని, నొక్కి ఆపే 5 సెంటీమీటర్ల పైచిలుకు పొడవున్న రబ్బరు ముక్క. సైకిల్‌కి నలుగురే ఉంటారు. కార్బన్ పోగులతో చేసిన చక్రాలు కొనేవాళ్లు రిమ్ లోతు 50 మిల్లీమీటర్లా, 60 మిల్లీమీటర్లా అని నెలల తరబడి తర్జనభర్జన పడతారు. బరువు గ్రాముల్లో తూస్తారు, బేరింగుల పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతారు. మీ ఊసు ఎవరూ ఎత్తరు. పొడవాటి దిగుడు రోడ్డు మొదలయ్యాక మాత్రం ఆ చక్రాలూ, ఆ మనిషీ, ఆ మనిషి పళ్లూ అన్నీ మీ దయ మీదే. పాలించేవారు ఇలాగే కంటికి ఆనకుండా ఉంటారు కాబోలు.

మీ వంశంలో బిరుదులకేం తక్కువ లేదు. ప్యాడ్లు చేసే స్విస్‌స్టాప్ వారింట్లో పసుపు రంగులో ‘యెల్లో కింగ్’, నలుపు రంగులో ‘బ్లాక్ ప్రిన్స్’. ఒకరు రాజుగారు, ఒకరు యువరాజుగారు. చక్రాల కంపెనీల్లో కంపాన్యోలో వారిది ఎరుపు, రెనాల్డ్స్ వారిది ‘క్రయో బ్లూ’ అనే నీలం. ఇవి చాలవన్నట్టు చెట్టు బెరడు అంశతో పుట్టిన కార్క్ ప్యాడ్లు వేరే. కార్క్ వారు నెమ్మదస్తులు, రిమ్‌ని అంతగా వేడెక్కించరు. కాకపోతే త్వరగా అరిగిపోతారు, వానలో చేతులెత్తేస్తారు. ఇన్ని రంగులు చూసి, నచ్చినది ఏరుకోవచ్చని ఆశపడతాం. తీరా చక్రాలతో వచ్చిన చిన్న పుస్తకం తెరిస్తే అందులో ఫలానా ప్యాడ్లే వాడాలని, ఇంకేవి వాడినా వారంటీ చెల్లదని రాసి ఉంటుంది. రాజుగారి ఎంపికలో ప్రజలకు ఎంత పాత్ర ఉంటుందో, మీ ఎంపికలో మాకూ అంతే.

పోనీ ఇదంతా కంపెనీల పేరాశ అని తిట్టుకుందామా అంటే, ఆ వీలు కూడా పూర్తిగా లేదు. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలనుకుందాం. 500 మీటర్ల ఎత్తు నుంచి దిగేసరికి దాదాపు 3,90,000 జూల్స్ శక్తిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. లీటరు చల్లని నీళ్లను మరిగించి, ఇంకా కొంచెం మిగిలేంత వేడి అది. అందులో కొంత గాలి పట్టుకుపోతుంది. మిగతాదాన్ని మీరు రిమ్‌తో రాసుకుంటూ పుట్టిస్తారు. రిమ్ అల్యూమినియందైతే ఆ వేడిని ఒళ్లంతా పంచుకుని గాలికి వదిలేస్తుంది. 660 డిగ్రీల దాకా కరగని లోహం, దానికి దిగులేముంది? కార్బన్ రిమ్ సంగతి వేరు. అందులో కార్బన్ పోగుల్ని పట్టి ఉంచేది ఎపాక్సీ రెజిన్ అనే గట్టిపడ్డ జిగురు. వేడి దాటిపోవడానికి అది తొందరగా దారి ఇవ్వదు, పుట్టిన చోటే పేరుకుంటుంది. గ్లాస్ ట్రాన్సిషన్ అనే హద్దు దాటితే రెజిన్ మెత్తబడుతుంది. ఆ హద్దు ఎక్కడన్నది వాడిన రెజిన్‌ని బట్టి మారుతుంది. మెత్తబడ్డ అంచును టైరులోని గాలి బయటికి తోస్తుంది, అంచు ఉబ్బుతుంది, పొరలు విడిపోతాయి. అంచేత గరుకు తక్కువగా, వేడి తక్కువ పుట్టించేలా మిమ్మల్ని ప్రత్యేకంగా తయారుచేస్తారు. ఒప్పుకున్నాం.

ఒప్పుకోలేనిది మీ న్యాయం. ఏటవాలు చూసి గుండె దడదడలాడే మనిషి ఏం చేస్తాడు? కొండ పైనుంచి కింద దాకా బ్రేకు లివర్ వదలకుండా, మెల్లమెల్లగా, దేవుణ్ణి తలుచుకుంటూ దిగుతాడు. మీ రాజ్యంలో అదే పెద్ద నేరం. మీరు రిమ్‌ని అంటిపెట్టుకునే ఉంటారు గనక దానికి చల్లారే వ్యవధి దొరకదు. అదే దూకుడుగా వెళ్లేవాడు నిటారుగా లేచి కూర్చుని ఛాతీతో గాలిని ఆపుతాడు, మలుపుకి ముందు రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వదిలేస్తాడు. వాడి చక్రాలు హాయిగా చల్లారతాయి. భయస్థుడికి శిక్ష, తెగించినవాడికి సన్మానం! పైగా బరువైనవాళ్ల మీద ఈ శిక్ష ఇంకాస్త ఎక్కువ.

మీ మడి సంగతి కూడా చెప్పుకోవాలి. ఒక్కసారి అల్యూమినియం రిమ్‌ని తాకిన ప్యాడ్ మళ్లీ కార్బన్ దగ్గరికి రాకూడదు. లోహపు పొడి మీ ఒంట్లో గుచ్చుకుని ఉండిపోయి, కార్బన్ మీద దుక్కి దున్నుతుందట. కారణం సబబే. అందువల్ల రోజువారీ చక్రాలకు ఒక జట్టు, కార్బన్‌కి ఒక జట్టు పెట్టుకున్నాం. రెండు రిమ్‌ల వెడల్పులు వేరైతే చక్రం మార్చినప్పుడల్లా బ్రేకు సర్దడం అదనం. ఇక మీకు చేసే సేవలా, చెప్పనక్కర్లేదు. పిన్నుతో ఇసుక రేణువులు ఏరడం, ముఖం నునుపెక్కి మెరుస్తుంటే ఉప్పు కాగితంతో రుద్దడం, కీచుమని అరిస్తే ముందు కొస వెంట్రుకవాసి ముందుగా తగిలేలా తిప్పడం. ఇంత చేసినా కొన్నాళ్లకు మళ్లీ కీచు. ఆ గొంతు విని రోడ్డు మీద వాళ్లంతా పక్కకు తప్పుకుంటారు కాబట్టి బెల్లు ఖర్చు మిగిలిందని సరిపెట్టుకుంటున్నాం.

వానలో మీ ధోరణి మరీ విచిత్రం. లివర్ నొక్కుతాం. మీరు ఆలోచిస్తారు. ఇంకా గట్టిగా నొక్కుతాం. మీరు ఇంకా ఆలోచిస్తారు. చక్రం కొన్ని చుట్లు తిరిగి, నీటి పొర తుడుచుకుపోయాక ఉన్నట్టుండి నిర్ణయానికి వస్తారు. అప్పటికి మేం టెన్షన్‌తో లివర్‌ని పిండేస్తుంటాం కాబట్టి వెనక చక్రం జారుతుంది. తడి రోడ్డు మీద అవసరం రాకముందే మిమ్మల్ని రిమ్‌కి తేలిగ్గా తాకించి ఉంచడం నేర్చుకున్నాం, అంటే ఆగాలనుకోకముందే ఆగడం మొదలుపెట్టాలన్నమాట.

తమకు తెలియందేముంది, 2018 జూలై 1 నుంచి రోడ్డు రేసుల్లో డిస్క్ బ్రేకుల్ని ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ పూర్తిగా అనుమతించింది. ఖరీదైన కొత్త సైకిళ్లలో ఎక్కువ భాగం వాటివైపే వెళ్లిపోయాయి. అక్కడ ఎంత రాపిడి జరిగినా చక్రం మధ్యలో బిగించిన ఇనుప పళ్లెం మీదే, రిమ్ జోలికి ఎవరూ పోరు. అయినా తమ పాలనలో మిగిలిపోయిన ప్రజలం ఇంకా చాలామందిమే ఉన్నాం. చక్రాలు పాడవలేదు, పారేయడానికి మనసొప్పదు. కాబట్టి మా కోరిక ఒక్కటే: ఫలానా రిమ్‌కి ఫలానా ప్యాడ్ అన్న ముక్క ఆ పుస్తకంలో నలభయ్యో పేజీ చివర చీమతలకాయంత అక్షరాల్లో కాకుండా రిమ్ మీదే అచ్చువేయించండి. కంపెనీ పేరు అరచేయంత రాయడానికి చోటున్నప్పుడు దీనికీ ఉంటుంది.

ఇట్లు,
తమ ఒత్తిడికి లోబడి ఆగే ప్రజలు

తా.క.: మిమ్మల్ని హోల్డర్‌లో కూర్చోబెట్టేటప్పుడు మూసిన కొస ముందుకి, తెరిచిన కొస వెనక్కి ఉండాలి. తిరగేసి పెడితే బ్రేకు వేసిన క్షణంలోనే మీరు హోల్డర్ వదిలి ముందుకు వెళ్లిపోగలరు. మాకంటే ముందే కొండ దిగాలన్న మీ ఉత్సాహం మెచ్చుకోదగ్గదే గానీ, ఆ చిన్న స్క్రూని మాత్రం బిగించే ఉంచుతున్నాం.