ప్రామ్ రాత్రి: ఖర్చు కన్నా ముందు తేల్చుకోవలసినవి

అమెరికా హైస్కూళ్లలో చదువు సంవత్సరం చివర జరిగే డాన్సు వేడుక ప్రామ్. దాని ఖర్చు గురించి పిల్లలతో ముందే మాట్లాడుకోవాలని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట సబబే గానీ, అమెరికాలోని మన తెలుగు ఇళ్లలో అసలు పేచీ డబ్బు దగ్గర కాదు, ఇల్లు చేరే వేళ దగ్గర వస్తుంది. వేరే బడిలో చదివే స్నేహితుణ్ణి వెంట తీసుకువెళ్లాలంటే అతిథి పత్రంపై ఆ బడివారి సంతకం కూడా కావాలని, గడువు రెండు రోజులుందనగా గాని మాకు తెలియలేదు. డాన్సు తరువాతి పార్టీ ఎవరింట్లో, అక్కడ పెద్దవాళ్లెవరు ఉంటారు, కారు ఎవరు నడుపుతారు అన్నవి తేలనిదే అనుమతి ఇవ్వకూడదని నా అభిప్రాయం. మద్యానికి 21 ఏళ్లు నిండాలన్న చట్టం ఒక్కటే కాపలా కాయదు. ఏ వేళకు ఫోన్ చేసినా మందలించకుండా వచ్చి తీసుకువస్తానని మా అమ్మాయికి మాట ఇచ్చాను. ఒంటిగంటకు ఫోన్ చేసింది. హీల్స్ చేతపట్టుకుని కారెక్కింది. ముంజేతికి కట్టుకున్న కార్సేజ్ పూలు వారం దాకా ఫ్రిజ్‌లో కరివేపాకు డబ్బా పక్కనే ఉన్నాయి.