చిన్నది పోయింది, పెద్దది మిగిలింది

నిన్న జరిగింది. ఇంట్లో ఇంకా ఎవరి మొహం ఎవరూ సరిగ్గా చూడటం లేదు. రేపు మళ్లీ స్కాన్ ఉంది, ఆలోపే రాసేస్తున్నా.

మాది కావలి, పిల్లల కోసం ట్రీట్‌మెంట్ నెల్లూరులో. నెలసరి రెండో రోజు ఒక స్కాన్, మూడో రోజు నుంచి ఐదు రోజులు అండం పెరగడానికి లెట్రోజోల్ మాత్రలు, పదో రోజు నుంచి రోజు మార్చి రోజు మళ్లీ స్కాన్. అండాశయంలో ఫాలికిల్ అని నీటితిత్తి ఉంటుంది, అండం పెరిగేది అందులోనే. అది రోజుకు రెండు మిల్లీమీటర్ల లెక్కన పెరిగి 18, 20 దగ్గరికొస్తే సూది వేస్తారు, వేసిన 36 గంటలకు అటూ ఇటూగా పగిలి అండం బయటికొస్తుంది. ఇదంతా నేను బాగా నేర్చుకున్నట్టు చెప్తున్నాను గానీ, అసలు ఒకటో రోజంటే ఏదో తెలియడానికే నాకు ఆర్నెల్లు పట్టింది. సాయంత్రం చుక్క కనబడినా ఆరోజు నుంచే లెక్కపెట్టేదాన్ని. బ్లీడింగ్ సరిగ్గా మొదలైన రోజే ఒకటి అని నర్సు చెప్పింది. అండం అందరికీ 14వ రోజే వస్తుందన్నది ఇంకో భ్రమ. వచ్చే నెలసరికి సుమారు 14 రోజుల ముందు వస్తుందట. నాది 34 రోజుల సైకిల్, అంటే మాత్రలు వాడకముందు నాకు 20వ రోజు దగ్గర వచ్చి ఉండాలి. రెండేళ్లపాటు క్యాలెండర్లో 14వ రోజుకు సున్నా చుట్టి మా ఆయన్ని ఒంగోలు నుంచి సెలవు పెట్టించి మరీ రప్పించాను. డిగ్రీలో నాది బాటనీ. మందార పువ్వు అండాశయం ఇప్పటికీ కళ్లు మూసుకుని గీస్తా.

ఈ ట్రీట్‌మెంట్ సంగతి మా అత్తకు తెలీదు. అత్త చెడ్డదేం కాదు. ఏటా రొట్టెల పండగకు నన్ను బారాషహీద్ దర్గాకు తీసుకుపోయి, స్వర్ణాల చెరువులో మోకాటిలోతు నీళ్లలో నిలబెట్టి, "సంతాన రొట్టె, సంతాన రొట్టె" అని అంత జనంలో తనే కేకేసి అడుగుతుంది. అక్కడ నాకూ సిగ్గనిపించదు, ఎందుకో మరి. కానీ ఆమెకు స్కాన్ల సంగతి చెబితే నా ఫాలికిల్ సైజు సాయంత్రానికల్లా కావలి ట్రంకు రోడ్డంతా తెలిసిపోతుంది. అందుకే నేనూ మా ఆయనా ఫోన్లో అండం, నెలసరి, ఫాలికిల్ అనే మాటలు వాడకూడదని ఒప్పందం చేసుకున్నాం. ఆ తెలివే మా కొంప ముంచింది.

పొగతోటలో స్కానింగ్ సెంటర్. కౌంటర్లో అమ్మాయి యాభై మంది ముందు "ఫాలిక్యులర్ వాళ్లెవరమ్మా? ఎన్నో రోజు?" అని అరిచింది. నేను ముందు పది వేళ్లు, తర్వాత రెండు వేళ్లు చూపించా. "నోటితో చెప్పమ్మా" అంది. టోకెన్ నంబరుంది, ఫైలుంది, ఫైలు మీద పేరుంది, అయినా అక్కడ మనిషిని రోజుతోనే పిలుస్తారు. "పన్నెండో రోజు!" అన్నా. లోపల డాక్టరమ్మ కొలతలన్నీ టైపు కొట్టే అమ్మాయికి చెప్పింది, నాకు కాదు. కడుపెవరిదో ఆమెకు గుర్తున్నట్టు లేదు. నేనే రెండుసార్లు అడిగితే, "రెండిట్లో చిన్నది ఆగిపోయింది, పెద్దది బాగా పెరుగుతోంది, ఒక్కటి చాలు" అంది. పెద్దది ముందుకుపోయాక చిన్నవి ముడుచుకుపోవడం మామూలేనట.

బయటికొచ్చి స్తంభం పక్క కుర్చీలో కూలబడి ఆయనకు ఫోన్ చేశా. ఫ్యాను మోత, ఆయన పక్కన లారీల మోత, కాబట్టి గట్టిగానే మాట్లాడా. స్తంభానికి అవతల, వీపు నావైపు పెట్టి కూర్చున్నది ఉలవపాడు పెద్దత్త, మా అత్తకు స్వయానా పెదనాన్న కూతురు. కిడ్నీలో రాళ్ల స్కాన్‌కు వచ్చిందట. ఇంకో విషయం, మా ఆయనకు ఇద్దరు చెల్లెళ్లు. వాళ్లను ఇంట్లో, చుట్టాల్లో అందరూ పెద్దది, చిన్నది అనే అంటారు. చిన్నది బెంగుళూరులో ఉంటుంది. ఇక నా మాటలు పెద్దత్త చెవితో వినండి.

"ఏమండీ, ఈరోజు పన్నెండో రోజు కదా, అయిపోయింది."

"చిన్నది పోయిందండీ. ఇంక పెద్దదొక్కటే మిగిలింది."

"బాధేం లేదు. ఒకటుంటే చాలన్నారు."

"పెద్దదానికి ఎల్లుండి సూదేస్తారు. అది కూడా పగలాల. పగిలితేనే మనకు మంచిది."

ఇంతటితో ఆపినా బాగుండేది. ఫోన్ పెట్టేస్తూ అన్న మాటొకటుంది, అది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.

"మీ అమ్మకు మాత్రం చెప్పబాకండి."

కన్నతల్లికి చెప్పకుండా పన్నెండో రోజు కూడా చేసేసి, స్కానింగ్ సెంటర్లో కూర్చుని లెక్కలేసుకుంటున్న కోడలు! పెద్దత్త లేచొచ్చి నన్నక్కడే నాలుగు పీకి ఉంటే గొడవే ఉండేది కాదు. పాపం, ఆమెకు వీలుకాలేదు. నాకు స్కాన్ తీసేది లోపలి నుంచి కాబట్టి బాత్రూమ్‌కు వెళ్లొచ్చి పడుకోమంటారు. ఆమెకు కడుపు మీద నుంచి, కాబట్టి లీటరున్నర నీళ్లు తాగించి గంటన్నరగా బిగబట్టి కూర్చోబెట్టారు. కదిలితే ప్రమాదం. ఆ ఉక్కిరిబిక్కిరిలోనే ఆమె టోకెన్ పిలిచారు, లోపలికెళ్లింది, నేను బస్సెక్కా.

బస్సు పెన్నా వంతెన దాటి కోవూరులో ఆగేసరికి పదకొండు మిస్డ్ కాల్స్. ఇంటికొచ్చేసరికి వసారా నిండా ఆడవాళ్లు, మధ్యలో అత్త. చిన్నది ఆఫీసు మీటింగులో ఉండి గంట నుంచి ఫోనెత్తలేదట, అదింకా ముదిరింది. చివరికి వీడియో కాల్ చేసింది. పెరుగన్నం తింటూ, "ఏందిమా, ఇన్నిసార్లు చేసినావు?" అంది. అత్త మళ్లీ ఏడ్చింది, ఈసారి వేరే ఏడుపు. తర్వాత వసారా మొత్తం నావైపు తిరిగింది.

"పన్నెండో రోజు అనింది, నా చెవులారా విన్నా," స్పీకర్లో పెద్దత్త.

నాకు నోరు రాలేదు. ఇంకో ఫోన్లో మా ఆయన. ఆయనకు అబద్ధం చెప్పడం బొత్తిగా రాదు, రాని పని అసలు మొదలుపెట్టకూడదు కదా. "ఆఫీసు అక్వేరియంలో రెండు చేపలున్నాయిమా, చిన్నది పోయింది, నువ్వు బాధపడతావని..." అన్నాడు.

నెల్లూరు జిల్లాలో చేప పోతే బాధపడతారని ఆయనకెవరు చెప్పారో.

"చేపకు పన్నెండో రోజేందిరా? పులుసు పెడతారు గానీ," అంది అత్త. నలుగురు నవ్వారు, హమ్మయ్య అనుకున్నా. నా చేతిలో స్కానింగ్ సెంటర్ కవర్ ఉన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. చీర కుచ్చిళ్ల వెనక్కి జరిపా. అత్త కళ్లు అక్కడే ఉన్నాయి.

"సరే, పోయింది చేపే అనుకుందాం. మిగిలిన పెద్దదానికి ఎల్లుండి సూదెందుకుమే?"