వేలు చూపించి, పేరు చెప్పలేదంటే చెల్లుతుందా?

అనుమానితుడు, నిందితుడు, దోషి. మూడూ మూడు దశల మాటలు. పోలీసుల చూపు పడినవాడు అనుమానితుడు, కేసులో పేరెక్కినవాడు నిందితుడు, కోర్టు తేల్చాకే దోషి. నిజంగా జరిగిన నేరాల మీద తీసే క్రైమ్ సిరీస్‌లో మొదటి మాటతో అడుగుపెట్టిన మనిషి ఎపిసోడ్ ముగిసేసరికి మూడో మాటకు చేరిపోతాడు. మధ్యలో ఛార్జిషీటు లేదు, వాదన లేదు, తీర్పు లేదు. ఉన్నదల్లా ఎడిటింగ్.

పరువు నష్టం దావాల్లో బ్రిటన్ కోర్టులు వాడే కొలబద్ద ఒకటి ఇక్కడ బాగా పనికొస్తుంది. కథనం చూసినవాడికి ఏమనిపించింది? 'ఇతనే చేశాడు' అనా, 'అనుమానించడానికి తగిన కారణాలున్నాయి' అనా, 'దర్యాప్తు చేయాల్సిన సంగతే' అనా? సత్యమే చెప్పామని వాదించాలంటే, కార్యక్రమం ఏ మెట్టెక్కిందో ఆ మెట్టునే రుజువు చేసుకోవాలి. స్క్రిప్టు సాధారణంగా 'దర్యాప్తు చేయాల్సిన సంగతే' అన్న మూడో మెట్టు మీదే జాగ్రత్తగా నడుస్తుంది. జారేది బొమ్మ దగ్గర. 'ఆ రాత్రి ఎవరో తలుపు తీశారు' అని వాయిస్ ఓవర్ నడుస్తుండగా తెర మీద ఒక మనిషి ఫొటో మెల్లగా పెద్దదవుతుంది. అక్షరాల్లో ఆరోపణ లేదు, కానీ ప్రేక్షకుడికి చేరింది ఆరోపణే. మామూలు మనిషి చూసి ఏమనుకుంటాడో కోర్టూ అదే చూస్తుంది. అందుకే లాయరు చేత స్క్రిప్టు చదివించి ఊరుకుంటే చాలదు. సంగీతంతో సహా ఆఖరి కట్ చూపించాలి.

'పోలీసులు అనుమానిస్తున్నారు', 'అని సమాచారం', శీర్షిక చివర ఒక ప్రశ్నార్థకం: వీటిని కవచాలనుకోవడం పాత అలవాటు. ఇంగ్లిష్ చట్టం ప్రకారం ఒకరి ఆరోపణను తిరిగి చెప్పినవాడు తానే ఆ ఆరోపణ చేసినట్టు లెక్క. కోర్టు విచారణనో, పోలీసుల అధికారిక ప్రకటననో ఉన్నదున్నట్టు చెబితే రక్షణ ఉంటుంది. ఊరూపేరూ లేని అధికారి ఫోన్లో ఊదిన లీకుకు ఆ రక్షణ రాదు. ముఖం మసకబార్చడమూ అంతే. ఒక షాట్‌లో వృత్తి, ఇంకో షాట్‌లో ఇంటి గేటు, మరో చోట బంధుత్వం చూపిస్తే, ఎరిగినవాళ్లు ముక్కలు కలిపేసుకుంటారు. దావాకు అది చాలు.

చెప్పింది అక్షరాలా నిజమైనా చిక్కే అన్న సంగతి చాలామందికి మింగుడుపడదు. 2014లో బ్రిటన్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్ ఇంట్లో పోలీసులు సోదా చేస్తుంటే బీబీసీ హెలికాప్టర్ నుంచి చిత్రీకరించి ప్రసారం చేసింది. సోదా జరిగిన మాట వాస్తవమే. ఆయనను అరెస్టు చేయలేదు, అభియోగమూ మోపలేదు. 2018లో హైకోర్టు గోప్యత హక్కు కింద 2,10,000 పౌండ్ల పరిహారం ఇవ్వాలంది. అభియోగం నమోదయ్యేదాకా దర్యాప్తు వివరాలు గోప్యంగా ఉంటాయని ఆశించే హక్కు సాధారణంగా ఉంటుందని 2022లో, వేరే కేసులో, బ్రిటన్ సుప్రీంకోర్టూ తేల్చింది. అమెరికాలో భావప్రకటన స్వేచ్ఛకు ఇచ్చే బలం వేరు, అక్కడ ఇలాంటి దావా నిలబడటం కష్టం. స్ట్రీమింగ్‌లో ఒకే ఎపిసోడ్ రెండు చోట్లా నడుస్తుంది మరి. భారత కేబుల్ టీవీ నిబంధనల్లోని ప్రోగ్రామ్ కోడ్ అయితే అర్ధసత్యాలను కూడా పేరుపెట్టి నిషేధించింది.

పేరు చెప్పడం వల్లే న్యాయం జరిగిన సందర్భాలు లేవా? ఉన్నాయి. అమెరికా రియల్ ఎస్టేట్ కుటుంబ వారసుడు రాబర్ట్ డర్స్ట్‌నే తీసుకోండి. 2000లో జరిగిన ఒక హత్యలో అతని మీద ఏళ్ల తరబడి అభియోగం లేదు. 2015లో అతని మీద తీసిన సిరీస్ చివరి భాగం ప్రసారానికి ముందు రోజు అరెస్టయ్యాడు, 2021లో దోషిగా తేలాడు. కానీ అదే సిరీస్‌లో ఇంకో పాఠముంది. 'నేనేం చేశాను? అందరినీ చంపేశాను కదా' అన్న అర్థం వచ్చే స్వగతంతో అది ముగుస్తుంది. పూర్తి రికార్డింగ్ రాతప్రతి 2019లో బయటపడ్డాక తెలిసిందేమిటంటే, 'చంపేశాను' అన్న మాటే ముందు వచ్చింది. 'ఏం చేశాను' అన్నది ఆ తర్వాత, మధ్యలో మరికొన్ని వాక్యాలు దాటాక. ఎడిటర్ వాటిని ప్రశ్న, జవాబుగా కుట్టేశాడు. దోషి విషయంలోనే ఇలా జరిగితే, నిర్దోషి మాటలను ఇలాగే కత్తిరించి కుడితే ఏమవుతుందో ఆలోచించండి.

ఇక కేసుకు జరిగే చేటు. ముఖం టీవీలో వంద సార్లు చూసిన సాక్షి గుర్తింపు పరేడ్‌లో వేలు చూపిస్తే డిఫెన్స్ లాయరు మొదట అడిగేది అదే: మీరు గుర్తుపట్టింది ఆ రాత్రి చూసిన మనిషినా, తెర మీద చూసినవాడినా? అసలు నేరస్థుడే తప్పించుకునే దారి అలా తెరుచుకుంటుంది.

వివరణ అడిగే తీరులోనూ తేడా ఉంది. ప్రసారానికి ముందు రోజు సాయంత్రం 'మీ స్పందన చెప్పండి' అని మెసేజ్ పెట్టడం వివరణ కోరడం కాదు. ఒక్కో ఆరోపణనూ విడివిడిగా రాసి, లాయరును సంప్రదించే వ్యవధినిచ్చి, వచ్చిన జవాబులోని సారాన్ని ఆ ఆరోపణ పక్కనే చూపించాలి. 'ఇతనిపై ఎలాంటి అభియోగమూ లేదు' అన్న వాక్యం కూడా అక్కడే ఉండాలి, పేర్లు పరుగెత్తే చివరి తెర మీద కాదు. తర్వాత దర్యాప్తు మరొకరిని పట్టుకుంటే, ఎపిసోడ్‌ను ఎవరు, ఎన్ని రోజుల్లో సరిచేయాలో నిర్మాణ సంస్థకూ ప్లాట్‌ఫామ్‌కూ మధ్య ఒప్పందంలోనే రాసుకోవాలి.