లాక్‌నట్ మీద రెండంకెలు
సీరియల్ నంబర్ దొరికితే పాత రోడ్ సైకిల్ ఏ ఏడాదిదో తెలిసిపోతుందని వ్యాసంలో రాశారు. నా అనుభవంలో అదొక్కటే చాలదండీ. నేను కొన్న ఇంగ్లండ్ సైకిల్‌కి స్టిక్కర్లు లేవు, నంబరేమో రంగు కింద సగం పూడిపోయింది. వెనక చక్రం ఊడదీసి కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే, ఇటలీ కంపెనీ కాంపాగ్నోలో తయారుచేసిన హబ్ (చక్రం నడిమి భాగం) లాక్‌నట్ మీద, అంటే దాన్ని బిగించే నట్టు మీద 'కామ్ 74' బయటపడింది, అంటే 1974లో చేసిందన్నమాట. ప్రాణం లేచొచ్చింది! గేర్ మార్చే డిరైలర్ మీద కూడా 'పేటెంట్ 74' అనే ఉంది. చక్రాలు చేతులు మారుతుంటాయి కాబట్టి ఇలా రెండు మూడు భాగాలు ఒకే మాట చెబితేనే నమ్మాలి. ఫ్రేమ్ సంగతికొస్తే, 27.2 మిల్లీమీటర్ల సీట్ పోస్ట్ (సీటు కింది కడ్డీ) సరిగ్గా దిగిందంటే అవి ఇంగ్లండ్ కంపెనీ రెనాల్డ్స్ 1935లో తెచ్చిన 531 రకం బటెడ్ (చివర్లు మందంగా, మధ్యలో పల్చగా ఉండే) ఉక్కు గొట్టాలు అయ్యుండే అవకాశం ఎక్కువ. దయచేసి పాత రంగు మాత్రం గీకేయకండి, దాని కిందే అసలు రంగు దొరుకుతుంది.