రుషికొండకు ఏ ‘రు’?

ఈ వేసవిలో విదేశాల నుంచి సెలవులకు వచ్చిన పిల్లలకు మన ప్రవాస తెలుగు సంఘం భీమిలిలో పెట్టిన తెలుగు డిక్టేషన్ పోటీ నాకింకా మింగుడు పడటం లేదు. మా తొమ్మిదేళ్ల అమ్మాయి ‘రుషికొండ’ అని రాసింది. ‘ఋషికొండ’ అని రాయాలట. మార్కు తీసేశారు, సరే. పెద్దాయన ఒకరు మైకులోనే “ఋ రాని తెలుగేం తెలుగమ్మా?” అన్నారు. హాలంతా నవ్వింది.

తిరిగి విశాఖ వస్తుంటే దారిలో అది ఒక బోర్డు చూపించి, “అమ్మా, వీళ్లకీ మార్కు తీసేస్తారా?” అంది. బోర్డు మీద ‘రుషికొండ’ అనే ఉంది. పేపర్లలో రెండు రకాలుగానూ వస్తుంది. ఏం చెప్పను? ఎంవీపీ కాలనీలో మా అమ్మ ఇల్లు చేరేదాకా ఇద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు.

ఋను వదిలేద్దామని నేననను. చిన్నప్పుడు మా మాస్టారు ‘కృష్ణ’ యాభైసార్లు రాయించేవారు. ఆ వట్రసుడి ఇప్పటికీ నాకు ముచ్చటే. కానీ ‘గృహం’కి వట్రసుడి, ‘గ్రుడ్డు’కి క్రావడీ కొమ్మూ ఎందుకో ఆయన చెప్పలేదు. మన నోట రెండూ ఒకటే. మొదటిది సంస్కృతం నుంచి వచ్చిన మాట, రెండోది అచ్చ తెలుగు. పోనీ అదే సూత్రం అనుకుందామా అంటే ‘రుచి’ కూడా సంస్కృతమే! ‘ఐదు’, ‘అయిదు’ ఎలా రాసినా ఒప్పుకునే మనం ఇక్కడ మాత్రం పిల్లల్ని నవ్వులపాలు చేస్తాం.

మేముండే దేశంలో ఇంగ్లిష్ బడికి వెళ్లే మా అమ్మాయికి ఇది కొత్త కాదు. ‘ఈ’ శబ్దానికి ‘ట్రీ’లో రెండు ఈలు, ‘బీచ్’లో ఈ, ఏ, ‘ఫీల్డ్’లో ఐ, ఈ. టీచరు అన్నీ ఒకేసారి కుమ్మరించరు. ఒక వారం ‘బీచ్’, ‘టీ’, ‘సీ’ లాంటి మాటలే చదివించి, రాయించి, అవి కుదిరాకే రెండో జట్టుకి వెళ్తారు.

మన తెలుగు బడుల్లోనూ అలాగే చేద్దాం. ఒక వారం ఋషి, ఋతువు, ఋణం. తర్వాత కృషి, తృప్తి, హృదయం. అవి కుదిరాకే రుచి, రుబ్బు, గ్రుడ్డు. వచ్చే పోటీలో రుషికొండకు రెండు రూపాలకూ మార్కు ఇవ్వండి, దయచేసి. తప్పులేమైనా ఉంటే మైకులో కాకుండా పిల్లల పక్కన కూర్చుని చెప్పండి.

మా అమ్మాయి చేత ఋతువుల పేర్లు నేనే రాయిస్తున్నాను. నిన్నటికి శరదృతువు దాకా వచ్చింది.