7 ఏళ్ళ శిక్ష సరే, రిటర్న్ టికెట్ ఏది?

ఆస్ట్రేలియా మన మీద మ్యాచ్ గెలిస్తే చాలు, కామెంట్లలో అదే జోకు, "దొంగల సంతానం కదా, ఇంకేం చేస్తారు" అని. లైకులే లైకులు. ఒకప్పుడు బ్రిటన్ తన ఖైదీల్ని ఓడలెక్కించి అక్కడికి తోలిందిగా, అదీ సంగతి. ఆ దొంగలు ఏం దొంగిలించారో మాత్రం ఎవడూ చూడడు.

1788 జనవరిలో సిడ్నీ దగ్గర దిగిన మొదటి 11 ఓడల్లో జాన్ హడ్సన్ అని ఒక కుర్రాడున్నాడు. పొగగొట్టాలు తుడుచుకునేవాడు, కోర్టులో నిలబెట్టినప్పుడు వాడికి 9 ఏళ్ళు. ఎలిజబెత్ బెక్‌ఫర్డ్ అని 70 ఏళ్ళ ముసలావిడ కూడా వాటిలోనే ఎక్కింది, ఆవిడ చేసిన ఘోరం చీజ్ ఎత్తుకెళ్ళడం. ఇద్దరికీ చెరో 7 ఏళ్ళు. తర్వాత 1790లో వచ్చిన మేరీ వేడ్ అయితే ఇంకో పిల్ల ఒంటిమీది బట్టలు లాక్కుంది, పదీ పదకొండేళ్ళ పిల్లకి ముందు ఉరిశిక్షే వేశారు, ఆ తర్వాత మనసు మార్చుకుని ఓడెక్కించారు.

దీన్నే దయ అన్నారు మరి. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఎవరింట్లోనైనా 40 షిల్లింగుల సొత్తు కాజేస్తే ఉరి. జ్యూరీలో కూర్చున్నవాళ్ళకే మనసొప్పక, ఎంత ఖరీదు వస్తువైనా సరే 39 షిల్లింగులే అని తేల్చేవాళ్ళు, అంటే మనిషి ప్రాణం కాపాడాలంటే జ్యూరీ అబద్ధం ఆడాలన్నమాట, అదీ చట్టం.

అంతకుముందు ఇంట్లో చెత్త పక్కింటి దొడ్లో పోసినట్టు 50 వేలమంది దాకా అమెరికాకి తోలేశారు. అక్కడ యుద్ధం మొదలై ఆ దారి మూసుకుపోయేసరికి పాత ఓడల్ని థేమ్స్ నదిలో కట్టేసి ఖైదీల్ని వాటిలో కుక్కారు, అవీ నిండాక కొత్త దొడ్డి వెతుక్కున్నారు. ఆ దొడ్డిలో అప్పటికే మనుషులున్నారన్న సంగతి వాళ్ళకి పట్టలేదు. ఆ మొదటి ఓడల వాళ్ళు సిడ్నీలో దిగిన జనవరి 26ని అక్కడి మూలవాసులు చాలామంది ఇప్పటికీ దండయాత్ర రోజు అనే అంటారు.

నాకు ఒళ్ళు మండేది ఆ 7 ఏళ్ళ లెక్క దగ్గర. హడ్సన్‌కి శిక్ష పడింది 1783లో, అంటే వాడు దిగిన మూడేళ్ళలోపే అయిపోవాలి. అలాంటివాళ్ళు ఇంకా చాలామందే. కానీ అక్కడి మొదటి గవర్నర్ ఫిలిప్ వెంట ఎవరికి ఎన్నేళ్ళు పడిందో చెప్పే కాగితాలే పంపలేదు! మా గడువు తీరిపోయింది దొరా అని అడిగినవాళ్ళకి, ఇంగ్లండ్ నుంచి కాగితాలు వచ్చేదాకా పని చేస్తూ ఉండండి అని జవాబు. తప్పు సర్కారుది, చాకిరీ వీళ్ళది. సరే విడుదలైంది అనుకోండి, తిరుగు ప్రయాణం ఖర్చు ఎవడిది? మగాడైతే ఏ ఓడలోనో కూలికి కుదిరి వెళ్ళొచ్చు, ఆడవాళ్ళకి ఆ దారీ లేదు. రాసింది ఏడేళ్ళు, పడింది యావజ్జీవం.

రెండో విడత ఓడల కథ ఇంకా దారుణం. కాంట్రాక్టు ఇచ్చింది బానిసల వ్యాపారం చేసే కంపెనీకి, డబ్బు ఓడెక్కిన తలకి ఇంత అని, దిగిన తలకి కాదు. ఇంకేముంది, దాదాపు నాలుగో వంతు మంది సముద్రం మీదే పోయారు.

ఇంత చెప్పినా ఎవడో ఒకడు వచ్చి "మేరీ రీబీని చూడు బ్రో, గుర్రం దొంగతనం కేసులో వచ్చి పెద్ద వ్యాపారి అయింది, 20 డాలర్ల నోటు మీద ఆవిడ బొమ్మే ఉంది" అంటాడు. ఉంది, కాదనను. మొత్తం పంపింది లక్షా 60 వేల పైచిలుకు మందిని బాబూ, నోటు మీద ఎంతమంది పడతారు?

అయినా మనకి ఈ జోకు కొత్తేం కాదు, బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పేరు చెప్పి నవ్వే అలవాటు ఉందిగా. అక్కడ దొంగతనం చేశాడా లేదా అని కూడా చూడలేదు, ఎరుకల కుటుంబంలో పుడితే చాలు, కొన్ని కులాల్ని పుట్టుకతోనే నేరస్తులనే బ్రిటిష్ వాళ్ళ క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ కింద తెచ్చి సెటిల్‌మెంట్‌లో పడేసి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పగించారు, ఊరు దాటాలంటే పర్మిషన్. అక్కడివాళ్ళని చీరాల పొగాకు కంపెనీ పనిలో పెట్టారు, చవగ్గా కూలీలు దొరికారు కదా.

ఆస్ట్రేలియాలోనూ చివరికి తేలింది అదే. సిడ్నీ వైపు 1840లో ఖైదీల్ని దింపడం ఆపేశారు, టాస్మేనియాలో 1853లో ఆగింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో మాత్రం పనికి మనుషులు చాలక అక్కడి భూస్వాములే మాకు ఖైదీల్ని పంపండి అని అడిగి మరీ తెప్పించుకున్నారు, అదీ మగవాళ్ళని మాత్రమే. 1850 నుంచి 1868 జనవరిలో ఆఖరి ఓడ వచ్చేదాకా అలా దాదాపు 10 వేలమంది దిగి, రోడ్లూ వంతెనలూ కట్టారు.